పంటలు వేయడం దగ్గర మొదలుపెట్టండి: చిన్నపిల్లలతో మన ఆటలు ఆడించడం ఎలా

మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళలో, అంగన్‌వాడీల్లో, చిన్న బడుల్లో ‘మన పాత ఆటలు ఆడిద్దాం’ అన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. ఆలోచన మంచిదే. అయితే ఆచరణలో చాలాసార్లు పెద్దవాళ్ళే ఆటను ఎంచి, దొంగ ఎవరో చెప్పి, జట్లు విడగొట్టి, తగవు వస్తే తీర్పు కూడా తామే చెప్పేసి, పిల్లలకు పరుగెత్తే పని ఒక్కటే మిగులుస్తారు. పరుగు ఒంటికి మేలు చేస్తుంది గానీ, తన వంతు వచ్చేదాకా ఆగడం, ఓటమిని తట్టుకోవడం, ఇచ్చిన మాటకు కట్టుబడటం, అలిగినవాణ్ణి మళ్ళీ ఆటలోకి పిలవడం వంటివి పరుగులో అలవడవు. అవి ఆటకు ముందు, ఆట మధ్యలో, ఆట చెడినప్పుడు పిల్లలు తమలో తాము నడుపుకునే వ్యవహారంలో అలవడతాయి. ఆ వ్యవహారాన్ని తిరిగి వాళ్ళకే ఎలా అప్పగించాలన్నదే ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి.

ముందుగా వయసు చూడండి

బడి వయసు రాని పిల్లల ఆటను దగ్గరగా గమనించిన అమెరికన్ పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్, 1932లో ప్రకటించిన పరిశీలనలో ఒక క్రమాన్ని వర్ణించారు. పిల్లలు మొదట ఒంటరిగా, తర్వాత మరొకరి పక్కనే కూర్చున్నా ఎవరి ఆట వారిదిగా, ఆ తర్వాత వస్తువులు ఇచ్చిపుచ్చుకుంటూ, చివరకు ఒకే ఉద్దేశంతో పనులు పంచుకుని ఆడతారు. మూడేళ్ళ బిడ్డను ఏడుపెంకులాటలో దింపితే పెంకులు పట్టుకుని పక్కకు పోయి కూర్చోవడానికి కారణం మొండితనం కాదు, ఆ బిడ్డ ఇంకా ఆ మెట్టు ఎక్కకపోవడమే.

కాబట్టి మూడు నాలుగేళ్ళ వారికి గెలుపోటములు లేని ఆటలు ఎంచండి. వరుసగా కాళ్ళు చాపుకుని కూర్చుని, పాట ఆగిన చోట ఉన్న కాలును ముడుచుకునే కాళ్ళాగజ్జా, పిడికిలి మీద పిడికిలి పేర్చే గుడుగుడుగుంచం, ఎదురెదురుగా చేతులు చరిచే చెమ్మచెక్క, వీరి వీరి గుమ్మడిపండు ఈ వయసుకు సరిపోతాయి. ఐదారేళ్ళకు దాగుడుమూతలు, నేల-బండ, తొక్కుడుబిళ్ళ, నాలుగు స్తంభాలాట బాగుంటాయి. ఏడెనిమిదేళ్ళు వచ్చాక ఏడుపెంకులాట, అష్టాచెమ్మా, వామనగుంటలు, పులి-మేక మొదలుపెట్టవచ్చు. గోటీబిళ్ళను ఈ వయసు గుంపులో ఆడించవద్దు. గాలిలోకి ఎగిరిన బిళ్ళ కంటికి తగిలే ప్రమాదాన్ని ఏ జాగ్రత్తా పూర్తిగా తప్పించదు. చెట్టెక్కే కోతికొమ్మచ్చి విషయంలోనూ నా సలహా ఇదే.

చోటు, సరంజామా

ఆరుగురు నుంచి ఎనిమిది మంది పిల్లలు, ముప్పావుగంట సమయం, నీడపట్టున కాస్త చదునైన నేల ఉంటే చాలు. వయసులు కలిసి ఉండటం లోపం కాదు, ఈ ఆటలు పుట్టిందే అన్న, చెల్లి, పక్కింటి బాబు కలిసి ఉండే గుంపుల్లో. సుద్దముక్కలు, చింతపిక్కలు, నాలుగు గవ్వలు, అంచులు రుద్ది నునుపు చేసిన ఏడు పెంకులు, గుడ్డతో చుట్టిన బంతి సిద్ధం చేసుకోండి. గుడ్డబంతినే ఎందుకు అంటున్నానంటే, గట్టి బంతి వీపుకు తగిలితే ఆట అక్కడితో ముగిసి తల్లుల తగవు మొదలవుతుంది. మూడేళ్ళ లోపు పిల్లలు దగ్గర్లో ఉంటే చింతపిక్కలు, గవ్వలు తీయకండి, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

మూడు నాలుగేళ్ళ పిల్లలకు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలని, అందులో కనీసం 60 నిమిషాలు ఒళ్ళు అలిసే ఆటలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మీ ముప్పావుగంట అందులో ఒక భాగమే కాబట్టి, సామాజిక నైపుణ్యాల పేరుతో పిల్లలను ఎక్కువసేపు కూర్చోబెట్టి మాట్లాడకండి.

దొంగను మీరు ఎంచకండి

పిల్లలు గుమిగూడగానే మీ నోట రావలసిన మాట ఒక్కటే: “పంటలేసుకోండి.” తెలియని పిల్లలకు ఒకసారి చేసి చూపించండి. ముగ్గురు ఎదురెదురుగా నిలబడి, చేతులు కలిపి ఊపి, ఒక్కసారిగా అరచేతిని పైకో కిందికో తిప్పి పెట్టాలి. ఇద్దరివి ఒకలా, ఒకరిది వేరుగా పడితే, వేరుగా పడినవారు పండినట్టు. వారు పక్కకు తప్పుకుంటే మరొకరు ఆ చోటికి వస్తారు. చివరికి ఇద్దరే మిగిలినప్పుడు పండినవారిలో ఒకరు తోడుగా వచ్చి మూడో చేయి వేస్తారు. అప్పటికీ పండక మిగిలిన బిడ్డ దొంగ.

బయటివాళ్ళకు ఇది కాలయాపనలా కనిపించవచ్చు, ఎనిమిది మంది పిల్లలతో రెండు మూడు నిమిషాలు పడుతుంది మరి. కానీ దొంగ కావడం ఎవరి కక్షా కాదని, తన చేయే అలా పడిందని, అందరి కళ్ళ ముందే పడిందని ప్రతి బిడ్డకూ తెలిసేది ఇక్కడే. మీరు వేలు చూపించి “నువ్వు దొంగ” అంటే ఏడ్చే బిడ్డే, పంటల్లో మిగిలిపోతే మూతి ముడుచుకుంటూనైనా వెళ్ళి కళ్ళు మూసుకుంటాడు. ఎదుటివారి చేయి చూశాక తన అరచేతిని తిప్పే గడుసువాళ్ళు ప్రతి గుంపులోనూ ఉంటారు. దానిని మీరు చూసినా చూడనట్టే ఉండండి. మిగిలిన పిల్లలు ‘తొండి’ అని అరిచి, మళ్ళీ వేయిస్తారు. ఒక పెద్దమనిషి మందలింపు కంటే తోటివాళ్ళ ఆ అరుపు గట్టిగా పనిచేస్తుంది.

జట్లకు ఉద్దులు కట్టించండి

రెండు జట్ల ఆటలో నాయకులిద్దరూ తలా ఒకరిని పిలుచుకుంటూ పోతే చివరకు మిగిలే బిడ్డ ఎవరో అందరికీ ముందే తెలుసు, ఆ బిడ్డకు ఇంకా బాగా తెలుసు. పిల్లల మనసును ఇంతగా నొప్పించే ఏర్పాటు మరొకటి లేదు. మన ఊళ్ళలో దీనికి మంచి ఉపాయం ఉంది. ఇంచుమించు సమానమైన బలం ఉన్న ఇద్దరిద్దరు ఉద్దులు కట్టి, భుజాల మీద చేతులు వేసుకుని దూరంగా వెళ్ళి, ఒకరు చందమామ, మరొకరు సూర్యుడు అన్నట్టు గుట్టుగా పేర్లు పెట్టుకుని వచ్చి, నాయకులలో ఒకరిని ‘నీకు చందమామ కావాలా, సూర్యుడు కావాలా’ అని అడుగుతారు. నాయకుడు కోరుకునేది పేరునే గాని మనిషిని కాదు. జట్లూ సమానంగా వస్తాయి, ఎవరూ చివరిదాకా మిగిలిపోరు.

ఇందులో పిల్లలు చేసే లెక్కను ఒకసారి గమనించండి. ‘నాకు సమానం ఎవరు’ అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటేనే ఉద్ది కుదురుతుంది. తనకంటే బాగా పరుగెత్తేవాడితో ఉద్ది కట్టబోయిన బిడ్డను పిల్లలే “నువ్వు వీడికి సరిపోవు, అటు వెళ్ళు” అని సర్దుతారు. ఆ మాట కొంచెం కటువుగా ఉన్నా మీరు కలగజేసుకోవలసిన పని లేదు. పిల్లల సంఖ్య బేసిగా ఉంటే మిగిలినవారిని ఏం చేయాలన్న సమస్యను కూడా వాళ్ళ ముందే ఉంచండి. రెండు వైపులా మార్చి మార్చి ఆడవచ్చునన్న పరిష్కారం సాధారణంగా వాళ్ళలోనే ఎవరో ఒకరు చెబుతారు.

నియమాలను పైకి చెప్పించండి

ఆట మొదలయ్యే ముందు ఒక బిడ్డ చేత నియమాలన్నీ గట్టిగా చెప్పించండి. హైదరాబాదులోని ఒక అపార్ట్‌మెంటులో గోటీబిళ్ళను కరీంనగర్ పిల్లవాడు చిర్రగోనె అంటే గుంటూరు పిల్లవాడు బిళ్ళంగోడు అంటాడు. తొక్కుడుబిళ్ళ గళ్ళు ఒక ఇంటివారు ఒకలా గీస్తే ఇంకొకరు ఇంకోలా గీస్తారు. అష్టాచెమ్మాలో కాయను చంపనిదే లోపలి గళ్ళలోకి పోకూడదని కొందరు, పోవచ్చునని కొందరు వాదిస్తారు. ఈ తేడాలను మీరు తీర్చకండి, ఇవి మీకు దొరికిన పాఠ్యపుస్తకం. ‘మా ఊళ్ళో ఇలా కాదు’ అన్న ఇద్దరు పిల్లలు ఇవాళ్టికి ఒక పద్ధతికి ఒప్పుకుని, రేపు రెండో పద్ధతిలో ఆడదామనుకోవడం కంటే మంచి సామాజిక పాఠం ఏ తరగతి గదిలోనూ దొరకదు.

స్విట్జర్లాండులో జెనీవా, న్యూషాటెల్ పిల్లలు గోళీలాడుతుంటే కూర్చుని ప్రశ్నలు అడిగిన మనస్తత్వవేత్త జాన్ పియాజే, ఆ పరిశీలనను కూడా 1932లోనే ప్రకటించారు. చిన్నపిల్లలు నియమాలను పెద్దలిచ్చిన మార్చరాని శాసనాలుగా భావిస్తారని, పదేళ్ళు దాటే వయసుకు గాని అవి అందరి అంగీకారంతో నిలిచేవనీ, అంగీకారంతో మార్చుకోదగినవనీ గ్రహించరని ఆయన గమనించారు. అందుచేత ఆరేళ్ళ బిడ్డ “అలా ఆడకూడదు, తప్పు” అని పట్టుబడితే విసుక్కోవద్దు. “అందరినీ అడుగుదామా” అని మాత్రం అనండి.

మూడు ఆటలు, కొంచెం దగ్గరగా

వీరి వీరి గుమ్మడిపండుతో మొదలుపెట్టండి. మీరు ఒక బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని కళ్ళు మూయండి. మిగిలినవారిలో ఒకరు చప్పుడు చేయకుండా ముందుకు వచ్చి నిలబడాలి, కళ్ళు మూసుకున్న బిడ్డ వారెవరో పేరు చెప్పాలి. సరిగా చెబితే వచ్చినవారు దొంగ స్థానంలోకి వస్తారు. కొత్త గుంపులో పేర్లు తెలియడానికి దీన్ని మించిన ఆట లేదు. నడక చప్పుడు, గాజుల గలగల, ఆపుకోలేని కిచకిచ నవ్వు వంటి గుర్తులతో ఎదుటివారిని పోల్చుకోవాలంటే, అంతకుముందే వారిని గమనించి ఉండాలి కదా. మూడో వారానికి పిల్లలు గాజులు తీసి జేబులో వేసుకుని రావడం మొదలుపెడితే, ఎదుటి బిడ్డ ఏమనుకుంటుందో ఊహించే శక్తి వాళ్ళలో మొలకెత్తిందని గుర్తించండి.

నాలుగు స్తంభాలాటకు ఒకప్పుడు మండువా ఇళ్ళు, గుడి మండపాలు ఉండేవి. ఇప్పుడు అపార్ట్‌మెంటు సెల్లార్ అంతే బాగా పనికొస్తుంది, కార్లు కదలని వేళ చూసుకోవాలి, కాపలాదారుకు ముందే చెప్పాలి. నాలుగు స్తంభాలను నలుగురు పట్టుకుంటే ఐదో బిడ్డ మధ్యలో నిలబడతాడు. స్తంభాల దగ్గరివారు ఒకరి చోటికి ఒకరు మారాలి, మారేలోగా ఖాళీ అయిన స్తంభాన్ని మధ్యలో ఉన్నవాడు పట్టుకోవాలి. చోటు పోగొట్టుకున్నవారు తర్వాతి దొంగ.

మొదటి రోజు ఐదేళ్ళ పిల్లలు “నువ్వు ఇటు రా, నేను అటు వస్తా” అని గట్టిగా అరిచి చెప్పుకుంటారు, మధ్యలో ఉన్నవాడు విని హాయిగా స్తంభం పట్టుకుంటాడు. కొన్ని ఆటలయ్యాక అరుపులు తగ్గి కనుబొమలు పనిచేయడం మొదలవుతుంది. ఇద్దరి చూపులు కలవాలి, ఇద్దరూ ఒకే క్షణంలో కదలాలి. ఒకరు కదిలి మరొకరు కదలకపోతే, కదిలిన బిడ్డ నడిమధ్యలో చిక్కుకుంటుంది. అలా సైగ చేసి కదలకుండా నవ్విన పిల్లవాడికి ఆ తర్వాత ఎవరూ చూపు కలపరు, అతడు తన స్తంభానికే అతుక్కుని ఉండిపోవలసి వస్తుంది. మాట తప్పితే ఏమవుతుందో మీరు ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. కాసేపయ్యాక ఆ పిల్లవాడికి “ఇప్పుడు నువ్వే ముందు కదిలి చూపించు” అని చెవిలో చెబితే చాలు, పోయిన నమ్మకం ఎలా తిరిగి వస్తుందో కూడా అతనికి తెలుస్తుంది.

వామనగుంటలు ఇద్దరి ఆట కాబట్టి నెమ్మదిగా ఉండే పిల్లలకు బాగా కుదురుతుంది. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల పీట లేకపోతే నేల మీద సుద్దతో పద్నాలుగు వృత్తాలు గీయండి. గుంటకు నాలుగేసి చింతపిక్కలు, అంటే మొత్తం 56. ఒక గుంటలోని గింజలు తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి కొనసాగించాలి, ఆ పక్క గుంట ఖాళీగా ఉంటే దాని తర్వాతి గుంటలో ఉన్నవి గెలుచుకుని ఎదుటివారికి ఆట ఇవ్వాలి. ఇందులో సామాజిక శిక్షణ ఎక్కువగా ఆడనివారిదే, ఎదుటివారు గింజలు వేసేంతసేపూ చేయి పెట్టకుండా, తొందరపెట్టకుండా, లెక్క మాత్రం కళ్ళతో పట్టుకుని కూర్చోవాలి. రెండో ఆటకు ఓడినవారి దగ్గర గింజలు చాలకపోతే గెలిచిన బిడ్డ అప్పు ఇవ్వవచ్చునన్న నియమం పెట్టుకోండి. ఎదుటివాడు ఆటలో ఉంటేనే తనకు ఆట అన్న సంగతి ఆ అప్పుతో అర్థమవుతుంది. వామనగుంటలతో గణితంలో మేధావులవుతారని సామాజిక మాధ్యమాల్లో వచ్చే ప్రచారాన్ని మాత్రం పట్టించుకోనక్కరలేదు.

చిన్నవారికి అరటిపండు పదవి

పెద్దపిల్లల మధ్యకు నాలుగేళ్ళ తమ్ముడు వస్తే తరిమేయకుండా ఆటలో అరటిపండుగా చేర్చుకోవడం మనకున్న పాత సంప్రదాయం. అందరితో పాటు పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు, పట్టుబడినా దొంగ కానక్కరలేదు. చిన్నవారికి చోటు, పెద్దవారికి ఓర్పు ఒకేసారి అబ్బుతాయి. అయితే రెండు జాగ్రత్తలు అవసరం. అరటిపండుకు నిజమైన పని ఒకటి ఇవ్వండి, ఏడుపెంకులాటలో చెదిరిన పెంకులు ఏరడం, దాగుడుమూతల్లో దొరికినవారిని లెక్కపెట్టడం లాంటిది. రెండోది, ఆ పదవి ఎప్పటికీ ఉండిపోకూడదు. ఎప్పుడు నిజమైన ఆటగాడు కావాలన్నది ఆ బిడ్డనే అడుగుతూ ఉండండి. లేకపోతే ఆ పేరే వెక్కిరింతగా మారుతుంది.

తొండి, అలక, ఏడుపు

తగవు మొదలైనప్పుడు వెంటనే లేవకండి. పిల్లల తగవుల్లో చాలా మటుకు ‘తూచ్, మళ్ళీ ఆడదాం’ అన్న మాటతో తేలిపోతాయి, ఎందుకంటే గెలవడం కంటే ఆట కొనసాగడమే వాళ్ళకు ఎక్కువ కావాలి. తేలక మీ దగ్గరకు వస్తే తీర్పు చెప్పకుండా, ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని, జరిగింది మాత్రమే చెప్పమనండి. రెండోవాడు మాట్లాడే ముందు మొదటివాడు చెప్పింది ఒకసారి తిరిగి చెప్పాలి. ఆ తర్వాత “అయితే ఇప్పుడు ఏం చేద్దామంటారు” అని అడిగి ఊరుకోండి. మీ మౌనం వాళ్ళకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి.

‘నీతో పచ్చి’ అనో ‘కటీఫ్’ అనో ఒక బిడ్డ వెళ్ళిపోతే బతిమాలి తీసుకురాకండి, తిట్టకండి కూడా. ఆట కనిపించే చోట కూర్చోనివ్వండి. కాసేపటికి గుంపులోంచి ఒకరు వచ్చి పిలుస్తారు. పిలవకపోతే తర్వాతి ఆటకు పంటలు వేసేటప్పుడు “ఒక చేయి తక్కువైంది” అని మీరు పైకి అంటే సరిపోతుంది.

కొట్టడం, రాళ్ళు విసరడం మొదలైతే మాత్రం ఆట వెంటనే ఆపించండి. ఒంటి రంగునో, లావునో, కులాన్నో, ఇంటి స్థితినో పట్టుకుని పేరు పెట్టి పిలిస్తే అక్కడికక్కడే, అందరి ముందే, తక్కువ మాటల్లో కాదని చెప్పండి. ఒకే బిడ్డ రోజూ దొంగ అవుతున్నా, ఒకే బిడ్డను రోజూ ఎవరూ పట్టుకోకుండా వదిలేస్తున్నా పంటల్లో ఏదో కుమ్మక్కు ఉందని అర్థం. అప్పుడు పంటల గుంపులను మీరే మార్చండి.

ముడుచుకుపోయే పిల్లలు, పరుగెత్తలేని పిల్లలు

దాగుడుమూతల్లో దొంగ కళ్ళు మూసి, పాట పాడి వదిలే తల్లి పాత్ర ఒకటి ఉంది, దాక్కున్నవారు దొంగకు చిక్కకుండా వచ్చి ఆ తల్లిని ముట్టుకుంటే క్షేమం. నలుగురిలో గొంతు పెగలని బిడ్డకు ఆ పాత్ర ఇచ్చి చూడండి. తాను ఎవరి వెంటా పడనక్కరలేదు, అందరూ తన దగ్గరకే పరుగెత్తుకు వస్తారు. కాలు సరిగా లేని బిడ్డకు కూడా ఇది జాలితో ఇచ్చిన చోటు కాదు, ఆటకు నడిబొడ్డు. వినికిడి తక్కువైన బిడ్డ ఉంటే పాట చివర చేయి పైకెత్తే సైగ ఒకటి అందరికీ నియమంగా పెట్టండి, ఆ బిడ్డ ఒక్కరికే కాదు.

అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ళ ఆడపిల్లలవనీ, బొంగరాలు, గోళీలు మగపిల్లలవనీ ఉన్న పాత విభజనను ఈ వయసులో తీసుకురావలసిన అవసరం ఏమీ లేదు. అచ్చనగాయల్లో ఓడిన మగపిల్లవాడు మర్నాడు ఇంటి దగ్గర అక్కతో సాధన చేసి వస్తాడు, అంతకంటే ఏం కావాలి.

ఇతర దేశాల్లో, చలి ప్రదేశాల్లో ఉండే తెలుగు కుటుంబాలు అష్టాచెమ్మాను గదిలోనే ఆడించవచ్చు. ఐదు గళ్ళ నిలువు, ఐదు గళ్ళ అడ్డం గీసిన అట్ట చాలు. గవ్వలు దొరకకపోతే నాలుగు నాణేల మీద ఒకవైపు రంగు పూయండి, నాలుగూ రంగువైపు పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్టా. తెలుగు సరిగా రాని మనవడు, ఇంగ్లీషు సరిగా రాని అమ్మమ్మ ఈ అట్ట దగ్గర గంటసేపు మాట్లాడుకోగలరు, పందేల పేర్లు, ‘నీ ఆట’, ‘చంపేశాను’ వంటి నాలుగైదు మాటలతోనే.

మీరు వెనక్కి తగ్గడం

మొదటి వారం మీరూ ఆటలో ఉండండి. రెండో వారం పక్కన నిలబడండి. మూడో వారం నుంచి కనిపించే దూరంలో కుర్చీ వేసుకుని మీ పని మీరు చేసుకోండి, ఫోను మాత్రం వద్దు, పిల్లలు తల ఎత్తినప్పుడు మీ కళ్ళు కనబడాలి. మీరు రాకముందే పంటలు మొదలైతే, మీకు తెలియని నియమం ఒకటి పుట్టుకొస్తే, కొత్తగా వచ్చిన బిడ్డకు మరో బిడ్డ ఆట నేర్పుతుంటే సరైన దారిలోనే ఉన్నారని తెలుసుకోండి. వారాలు గడుస్తున్నా ప్రతి తగవూ మీ దగ్గరకే వస్తుంటే, మీరు ఎక్కడో ఇంకా తీర్పులు చెబుతున్నారన్నమాట.

ఆట ముగించేటప్పుడు ఒక్కసారిగా చాలించమనకండి. పది నిమిషాల ముందు “ఇంకొక్క ఆట” అని చెప్పండి. మర్నాడు ఏ ఆట ఆడాలో ఎంచే హక్కు ఇవాళ చివర దొంగగా మిగిలిన బిడ్డకు ఇవ్వండి, ఏడుస్తూ ఇంటికి వెళ్ళేవారు తగ్గుతారు. గవ్వలు, పెంకులు, గింజలు లెక్కపెట్టి సంచిలో వేసే పని వంతులవారీగా పిల్లలదే కావాలి. గవ్వ ఒకటి తగ్గితే వెతకవలసిందీ వాళ్ళే, కొత్తది తెచ్చిస్తానని మీరు తొందరపడకండి.